మొదటివాడు వేరు, మొనగాడు వేరు

తెలుగు శాఖ గోడపత్రికలో కారు రేసుల ఊసేమిటి అని అడిగేవాళ్ళు ఉంటారు. అడగనీ. మనం హొసూరు చుట్టుపక్కల పిల్లలం. పొద్దున కాలేజీకి వచ్చేటప్పుడు మనకు ఎదురయ్యేవి కంపెనీ బస్సులే. టీవీఎస్ మోటారు సైకిళ్ళు తయారయ్యేది ఇక్కడ, అశోక్ లేలాండ్ లారీలు తయారయ్యేది ఇక్కడ. మన చుట్టాల్లో ఎవరో ఒకరు సిప్‌కాట్‌లో ఏదో ఒక షెడ్డులో ఇంజనుకు పనికొచ్చే ఏదో ఒక ముక్క చేసినవాళ్ళే. అందుకే మన ఊళ్ళో మగపిల్లలు టీ అంగడి ముందర సినిమా హీరోల గురించి ఎంత గట్టిగా అరుస్తారో రేసుల గురించీ అంతే గట్టిగా అరుస్తారు. ఆ అరుపుల్లో మళ్ళీ మళ్ళీ వినిపించే పేరు నరేన్ కార్తికేయన్. ఆ తగువులో ఆడపిల్లలం మనం చెప్పవలసిన మాట కూడా ఒకటి ఉంది. అందుకే ఈ రాత.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నరేన్ కార్తికేయన్ కోయంబత్తూరు ఆయన, 1977లో పుట్టాడు. ఫార్ములా వన్ రేసుల్లో పోటీ చేసిన మొదటి భారతీయుడు. 2005లో జోర్డాన్ జట్టుకు, మళ్ళీ 2011లో, 2012లో హిస్పానియా జట్టుకు కారు నడిపాడు. మొత్తం 46 రేసులు, మొత్తం 5 పాయింట్లు. 2010లో పద్మశ్రీ వచ్చింది. 2012 నవంబరులో జరిగిన బ్రెజిల్ రేసు ఫార్ములా వన్‌లో ఆయనకు ఆఖరిది. అంటే ఆ పోటీ వదిలి పదేళ్ళు దాటింది. తగువు మాత్రం ఇంకా తెగలేదు.

మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ తమిళం. కాబట్టి మా ఇంట్లో ఈ తగువు రెండు భాషల్లో నడుస్తుంది. ముందు ఆయన ఎవరివాడు అన్న లాగులాట. "వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగేనమ్మా" అని మా చిన్నాయన, "కోయంబత్తూరు తమిళనాడులో కాకపోతే ఎక్కడుంది?" అని మా మామ. స్టీరింగుకు భాష లేదు కనక ఈ లాగులాటను పక్కన పెడతాను. అసలు తగువు దాని తర్వాత మొదలవుతుంది: ఆయన నిజంగా గొప్ప డ్రైవరేనా?

ఒక పక్షం మాట ఇది. "దేశంలో వంద కోట్ల మంది ఉంటే అక్కడిదాకా పోయిన మొదటివాడు ఆయన. ఇంకేం కావాలి నీకు?" వీళ్ళ దగ్గర అన్ని ప్రశ్నలకూ ఇదే జవాబు. పాయింట్లు తక్కువ కదా అంటే మొదటివాడు. ఎప్పుడూ వెనకే ఉన్నాడు కదా అంటే మొదటివాడు.

రెండో పక్షం మాట ఇది. "ఐదు పాయింట్లు, అవీ ఆరు కార్లు పరుగెత్తిన రేసులో." ఇది అబద్ధం కాదు. 2005 జూన్ 19న అమెరికాలో ఇండియానాపొలిస్ రేసు. మిషెలిన్ టైర్లు ఆ ట్రాక్ మలుపుకు తట్టుకోలేవని తేలడంతో ఆ టైర్లు వాడే 14 కార్లు పందెం మొదలయ్యేలోపే లోపలికి వెళ్ళిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లు మిగిలాయి: ఫెరారీ రెండు, జోర్డాన్ రెండు, మినార్డి రెండు. ఆ ఆరింటిలో నరేన్ నాలుగోవాడు. ఆ ఐదు పాయింట్లు ఆ రోజు వచ్చినవే. ఆ తర్వాత ఇంకొక్కటి కూడా రాలేదు. ఈ పక్షంవాళ్ళు 2012 మలేషియా రేసును కూడా గుర్తుచేస్తారు. అప్పుడు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న వెటెల్ కారు నరేన్ కారుకు తగిలి టైరు పోయింది. వెటెల్ 11వ స్థానంలో పడ్డాడు, కోపంతో నరేన్‌ను దోసకాయ అని తిట్టాడు. ఆ రేసులో నరేన్‌కు 20 సెకన్ల శిక్ష కూడా పడింది. ఆ ఒక్క తిట్టును పట్టుకుని ఇన్నేళ్ళయినా నవ్వుతున్నారు మనవాళ్ళు. వాన కురిసిన ఆ రోజే పోటీలోకెల్లా నిదానమైన కారు అనిపించుకున్న బండిని కాసేపు పదో స్థానంలో నిలబెట్టాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నా అభిప్రాయం ఏమిటంటే ఈ రెండు పక్షాలూ డ్రైవరును కొలవడం లేదు. ఒకరు పుట్టిన దేశాన్ని కొలుస్తున్నారు, ఇంకొకరు కారును కొలుస్తున్నారు.

ఫార్ములా వన్ క్రికెట్ లాంటిది కాదు. క్రికెట్‌లో పిచ్ ఇద్దరికీ ఒకటే. ఇక్కడ ఒక్కో జట్టు తన కారును తానే తయారుచేసుకుంటుంది. డబ్బున్న జట్టు కారుకూ లేని జట్టు కారుకూ ఒక్క ల్యాపులో మూడు నాలుగు సెకన్ల తేడా ఉండవచ్చు. డ్రైవరు ఎంతటివాడైనా ఆ తేడాను చేత్తో పూడ్చలేడు. మన మత్తిగిరిలో 1824 నాటి పశువుల ఫారం ఉంది కదా, మొదట్లో అది సైన్యానికి గుర్రాలు పెంచడానికి పెట్టింది. గుర్రాల సంగతి తెలిసినవాళ్ళను అడగండి, స్వారీ చేసేవాళ్ళలో ఎవరు మిన్న అని తేల్చాలంటే ఏం చేయాలని. ఇద్దరినీ ఒకే గుర్రం ఎక్కించాలి, అంతే. కారు రేసుల్లోనూ న్యాయమైన కొలత అదొక్కటే. జట్టుకు రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. పక్కవాడితో పోల్చి చూడాలి.

అలా చూస్తే ఏం తేలుతుంది? 2005లో పక్కవాడు పోర్చుగల్ మనిషి టియాగో మొంటేరో. ఆ ఏడాది మొంటేరో 19 రేసుల్లో 18 పూర్తిచేశాడు, 7 పాయింట్లు తెచ్చాడు. నరేన్‌కు 5. ఇండియానాపొలిస్‌లో ఆ ఆరు కార్ల రోజున కూడా అదే జోర్డాన్ కారులో మొంటేరో మూడోవాడు, నరేన్ నాలుగోవాడు. అంటే ఆరు కార్లే కదా అన్న ఎగతాళికన్నా ఇదే గట్టి విమర్శ. అయితే ఆ ఏడాదే మొదటి రేసులో, ఆస్ట్రేలియాలో, నరేన్ 12వ స్థానం నుంచి బయల్దేరాడు. జపాన్‌లోని సుజుకాలో 11వ స్థానం నుంచి. జోర్డాన్ లాంటి కారుకు అవి పెద్ద స్థానాలు. రెండుసార్లూ వాన సాయం ఉంది. కానీ తడిసిన రోడ్డు మీద కారు దానంతటదే పరుగెత్తదు కదా.

2012లో పక్కవాడు స్పెయిన్ మనిషి పెడ్రో డి లా రోసా. అప్పటికి నలభై దాటినవాడు. అయినా ఎక్కువ రేసుల్లో ఆయనే ముందు. నరేన్ అభిమానులు ఒప్పుకోవలసిన మాట ఇది.

ఎగతాళి చేసేవాళ్ళు ఒప్పుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. 2011 మధ్యలో హిస్పానియా జట్టు నరేన్‌ను దింపి ఆ సీటును డేనియల్ రికార్డో అనే కొత్త కుర్రాడికి ఇచ్చింది. రికార్డో తర్వాత్తర్వాత ఎనిమిది ఫార్ములా వన్ రేసులు గెలిచాడు. అదే ఏడాది అక్టోబరు 30న ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ మీద మన దేశంలో మొదటి ఫార్ములా వన్ రేసు. నాలుగు నెలలు ఆ కారులో రేసు చేయని నరేన్‌కు ఆ ఒక్క రేసుకు సీటు దొరికింది. నరేన్ 17వ స్థానం, రికార్డో 18వ స్థానం. ఒకే జట్టు, ఒకే రకం కారు. ఒక్క రేసుతో ఎవరూ గొప్పవాళ్ళు అయిపోరు, నాకు తెలుసు. కానీ "వాడికి కారు నడపడం రాదు" అనేవాళ్ళు ఆ రోజు సంగతి ఎక్కడ పెడతారు?

అందరికీ ఒకే కారు ఇచ్చే పోటీలు కొన్ని ఉన్నాయి. దేశాల పేరు మీద జరిగిన ఏవన్ గ్రాండ్ ప్రీ అలాంటిదే. అందులో మన దేశం జట్టు తరఫున నరేన్ 2007 డిసెంబరులో చైనాలోని జుహైలో గెలిచాడు, 2008లో ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లో గెలిచాడు. అంతకుముందు 1996లో ఫార్ములా ఏషియా ఛాంపియన్, 2000లో బ్రిటిష్ ఫార్ములా త్రీలో నాలుగో స్థానం. 2019 నవంబరులో, 42 ఏళ్ళ వయసులో, జపాన్‌లోని ఫుజీలో జపాన్ కార్లూ జర్మనీ కార్లూ కలిసి పోటీపడిన రేసు గెలిచాడు. ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచిన తీర్పు ఇది: మంచి డ్రైవరు. వేగం ఉంది. ఫార్ములా వన్ మొనగాళ్ళ వరసలో మాత్రం కాడు. ఈ మాట అనడానికి ఎందుకంత భయం? ఆయనను తక్కువ చేసినట్టు ఎందుకు అనుకోవాలి?

ఇంకొక లెక్క కూడా చూడాలి. అలొన్సో ఫార్ములా వన్‌లోకి 2001లో వచ్చాడు, 19 ఏళ్ళకు. అంటే ఇప్పుడు నా వయసు. బటన్ 20 ఏళ్ళకు వచ్చాడు. నరేన్ మొదటి రేసునాటికి 28 ఏళ్ళు. 2001 జూన్‌లోనే సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ కారు ఎక్కి ఫార్ములా వన్ కారు నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ తర్వాత సీటు దొరకడానికి దాదాపు నాలుగేళ్ళు. యూరపులో పిల్లలు ఎనిమిదో ఏట, తొమ్మిదో ఏట చిన్న కార్ట్ బండ్లు తోలుతూ ఎదుగుతారు. మన దగ్గర ఆ మెట్లు లేవు. మెట్లు లేని చోట ఎక్కినవాడిని "ఎందుకంత ఆలస్యంగా వచ్చావు" అని అడగడం ఏం న్యాయం?

కానీ ఆయన అభిమానులు దాచే మాట ఒకటి ఇక్కడే ఉంది. ఆయన ఎక్కగలిగింది ప్రతిభ ఒక్కదానితోనే కాదు. తండ్రి జి. ఆర్. కార్తికేయన్ స్వయంగా జాతీయ ర్యాలీ ఛాంపియన్. ఇంట్లో ఆ ఆట తెలుసు, ఖర్చు పెట్టగల స్తోమతు ఉంది. తర్వాత టాటా లాంటి కంపెనీల ఆసరా దొరికింది. మన సిప్‌కాట్ షెడ్డులో పిస్టన్ పట్టుకుని పెరిగిన కుర్రాడికి అంతకంటే చురుకైన చేతులు ఉండవచ్చు. అది మనకు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే ఆ కుర్రాడిని కారులో కూర్చోబెట్టినవాళ్ళు లేరు.

సరే, ప్రతిభ సంగతి అయింది. ఆయన మన కోసం ఏం మిగిల్చిపోయాడు అన్నది రెండో ప్రశ్న. దీన్ని కూడా పాయింట్లతో కొలుస్తున్నారు జనం. నేను ఒప్పుకోను.

కోయంబత్తూరులోనే ఎస్. కరివర్ధన్ అని ఒకాయన ఉండేవాడు. మారుతి కారు ఇంజను పెట్టి ఒకే సీటుండే రేసు కార్లు మన దేశంలోనే తయారుచేశాడు. వాటినే ఫార్ములా మారుతి అనేవాళ్ళు. విదేశీ రేసు కారు కొనలేనివాళ్ళు కూడా పోటీకి రాగలిగింది ఆ కార్ల వల్ల. నరేన్ మొదటి అడుగులు వేసింది కూడా ఆ ఫార్ములా మారుతి కారులోనే, శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరు రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని. ఆయనకు ఫార్ములా వన్‌లో ఒక్క పాయింటు లేదు, ఒక్క రేసూ లేదు. అయినా ఆయన తన వెనక వచ్చేవాళ్ళకు దారిని చవక చేశాడు. మిగిల్చిపోవడం అంటే అది.

ఆ కొలతతో చూస్తే నరేన్ విషయంలో నాకు గర్వంకన్నా దిగులు ఎక్కువ. ఆయన తర్వాత చెన్నై మనిషి కరుణ్ చందోక్ 2010, 2011లలో 11 రేసుల్లో నడిపాడు. అంతే. 2012లో నరేన్ దిగిపోయాక ఫార్ములా వన్ రేసులో ఇంకొక భారతీయుడు లేడు. జెహాన్ దారువాలా, కుష్ మైనీ ఫార్ములా టూలో రేసులు గెలిచారు, పై మెట్టు దొరకలేదు. బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013లలో మూడు ఫార్ములా వన్ రేసులు జరిగాయి, పన్నుల తగువులూ డబ్బు చిక్కులూ వచ్చి ఆగిపోయాయి. నరేన్ తలుపు తెరిచాడు అని మనం వ్యాసాల్లో రాసుకుంటాం. తెరిచిన తలుపులోంచి ఇన్నేళ్ళలో ఎవరూ పోలేదంటే, అది ఆయన పోయాక మళ్ళీ మూసుకుందనే అర్థం. తప్పు ఆయనది అనను. ఆయన కోయంబత్తూరులో శిక్షణ సంస్థ పెట్టాడు. తర్వాత పాత ద్విచక్ర వాహనాలు అమ్మే డ్రైవ్ఎక్స్ అనే కంపెనీ పెట్టాడు. అందులో 2022లో మన టీవీఎస్ వాళ్ళు 48 శాతం పైగా వాటా కొన్నారు. అలా ఆయన పేరుకు హొసూరుతోనూ కొంచెం చుట్టరికం కలిసింది. కానీ ఒక్క మనిషి పెట్టే శిక్షణ సంస్థ దేశానికి మెట్లు కట్టలేదు.

ఇప్పుడు మన సంగతి. ఇంతసేపూ మగవాళ్ళ తగువు చెప్పి ఆపితే ఈ గోడకు న్యాయం చేసినట్టు కాదు.

ఫార్ములా వన్ చరిత్ర మొత్తంలో పాయింటు తెచ్చిన ఆడది ఒక్కతే. ఇటలీ మనిషి లెల్లా లొంబార్డి, 1975లో స్పెయిన్ రేసులో. ప్రమాదం జరిగి రేసును మధ్యలో ఆపేశారు కాబట్టి సగం పాయింట్లే ఇచ్చారు. ఆరో స్థానంలో ఉన్న ఆమెకు వచ్చింది అర పాయింటు. నరేన్ ఐదు పాయింట్లు మామూలు రేసులో రాలేదు అని నవ్వేవాళ్ళు ఈ అర పాయింటును చూసి ఇంకా ఎక్కువ నవ్వాలి. నేను నవ్వను. తలకిందులైన రోజు అందరికీ వస్తుంది. ఆ రోజు అక్కడ ఉండి, కారును ఆఖరిదాకా నిలబెట్టుకున్నవాళ్ళకే ఆ అర పాయింటైనా దక్కుతుంది.

దగ్గరి సంగతి చెప్తాను. ఐశ్వర్య పిస్సే బెంగుళూరు అమ్మాయి. మన హొసూరు నుంచి గంట దూరం. మన టీవీఎస్ రేసింగ్ జట్టు రైడరు. 2019లో ఎడారుల్లో, కొండదారుల్లో జరిగే బాహా రేసుల ప్రపంచ కప్పును మహిళల విభాగంలో గెలిచింది. మోటారు రేసుల్లో ప్రపంచ టైటిల్ తెచ్చిన మొదటి భారతీయురాలు. మన క్లాసులో అడిగి చూశాను. నరేన్ పేరు విన్నవాళ్ళు చాలామంది. ఐశ్వర్య పేరు విన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఐదు పాయింట్ల మీద ఇన్నేళ్ళు కొట్లాడిన మన ఊరు, ప్రపంచ కప్పు తెచ్చిన పిల్ల గురించి తగువు పడటానికి కూడా ఇష్టపడలేదు. మెచ్చుకోకపోతే పోనీ, కనీసం "ఆమెకు ఏం వచ్చులే" అని ఎగతాళి చేసినా ఆమె పేరు నలుగురి నోట పడేది.

మొదటివాళ్ళ బరువు ఏమిటో మనకు తెలుసు కాబట్టే ఇదంతా రాస్తున్నాను. మా ఇంట్లో, నాన్న వైపూ అమ్మ వైపూ కలిపి, కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. మీలో చాలామంది అంతే. పండగకు ఊరికి పోతే ఒక అవ్వ "మా ఇంటి సరస్వతి" అని దిష్టి తీస్తుంది, ఒక చిన్నాయన "తెలుగు బీఏ చదివి ఏం ఉద్యోగం వస్తాదమ్మా, ఎన్ని వేలు ఇస్తారు" అని అడుగుతాడు. ఆ దిష్టి నా చదువును చూసి తీసింది కాదు. ఆ ప్రశ్న కూడా నా చదువును చూసి అడిగింది కాదు. నా మార్కులేమిటి, నేను ఏం చదువుతున్నాను, ఏం రాస్తున్నాను అని అడిగేవాళ్ళు తక్కువ. నరేన్‌కు జరిగింది కూడా సరిగ్గా ఇదే. సగం మంది హారతి పట్టారు, సగం మంది లెక్కలు అడిగారు. ఆయన రేసును కూర్చుని చూసినవాళ్ళు కొద్దిమంది.

అందుకని రెండు మాటలను వేరువేరుగా వాడదామని నా మనవి. మొదటివాడు అన్నది వచ్చిన వరసను చెప్పే మాట. మొనగాడు అన్నది చేసిన పనిని చెప్పే మాట. మొదటివాడిని మొనగాడు అని అబద్ధం చెప్పనక్కర్లేదు. మొనగాడు కాదు కాబట్టి మొదటివాడు కూడా కాదు అన్నట్టు మాట్లాడనక్కర్లేదు. ఇంకొకటి, మొదటివాళ్ళ పనిని వాళ్ళ పాయింట్లతో కన్నా రెండోవాళ్ళు, మూడోవాళ్ళు ఎంత సులువుగా రాగలిగారు అన్నదానితో కొలవాలి. ఆ కొలతలో తక్కువ మార్కులు వస్తే ఆ మార్కుల్లో చాలా భాగం వెనక నిలబడి చూసిన మనకే పడాలి.

హొసూరు నుంచి మద్రాసు పోయే హైవే మీదే, శ్రీపెరుంబుదూరు దాటాక, ఇరుంగాట్టుకోట్టైలో ఆ రేసు ట్రాక్ ఉంది. నరేన్ మొదలుపెట్టింది అక్కడే. మన ఊళ్ళో తయారైన బండ్లు కూడా అక్కడ పోటీ పడతాయి, అమ్మాయిల పోటీలు కూడా జరుగుతాయి. మనలో ఎవరికైనా బండి తోలడం ఇష్టమైతే దారి దూరమేమీ కాదు. ఖర్చు మాత్రం దూరమే. దాన్ని ఎలా తగ్గించాలి అన్న తగువు టీ అంగడి ముందర మొదలైతే బాగుండును.

నా మాట ఒప్పుకోనివాళ్ళు ఉంటే కోపం లేదు. వచ్చే సంచికదాకా ఎందుకు, ఒక తెల్ల కాగితం మీద రాసి ఈ వ్యాసం కిందనే అంటించండి. ఒక్క షరతు. మొదటివాడు అన్న మాట వాడకుండా ఆయన గొప్పవాడని రాయండి, లేదా ఐదు పాయింట్లు అన్న మాట వాడకుండా కాదని రాయండి.